ఇరవై ఒకటో గురువు: బాణానికి ములికి బిగించేవాడు



అవధూతకు ఉన్న 24 మంది గురువుల గురించి మనం ప్రతి గురువారం చెప్పుకుంటున్నాం కదా. ఈ వారం 21వ గురువు, శరకారుడు. బాణాలు చేసేవాడు అన్నమాట. వీడియోలో ఆయనకి మూడు నిమిషాలే దొరికాయి. నిజానికి భాగవతంలో కూడా ఆయనకి దొరికింది ఒక్క శ్లోకమే. పింగళకి బోలెడంత కథ ఉంది, పావురానికి కన్నీళ్లు తెప్పించే సంసారం ఉంది. ఈయనకి మాత్రం పేరు లేదు, ఊరు లేదు, మాట కూడా లేదు. అయినా నాకు ఈ 24 మందిలో ఎక్కువ దగ్గరగా అనిపించేది ఈయనే. ఎందుకంటే మిగతా వాళ్లలో చాలామంది ప్రకృతిలోంచి వచ్చినవాళ్లు. ఈయన మనలాగే పొద్దున్నే పనికి కూర్చునేవాడు.

ముందు సందర్భం చూద్దాం. ఇది భాగవతం 11వ స్కంధం, 9వ అధ్యాయం. కృష్ణుడు ఉద్ధవుడికి చెబుతున్న మాటల్లో యదు మహారాజు, అవధూత సంవాదం వస్తుంది. (తెలుగు భాగవతం అనగానే పోతన గారే అంతా రాశారనుకుంటాం. ఈ 11వ స్కంధం మాత్రం వెలిగందల నారయ గారిది.) ఆసనం కుదుర్చుకుని, ఊపిరిని అదుపులో పెట్టుకుని, మనసును ఒక్కచోట నిలపమని అవధూత చెబుతూ, అలా నిలిచినవాడికి బయటిదీ తెలియదు, లోపలిదీ తెలియదు అంటాడు. దానికి పోలికగా, బాణం మీద మనసు పెట్టిన శరకారుడు పక్కనుంచే రాజు వెళ్తున్నా చూడలేదు అంటాడు. అంతే. అక్కడితో ఆ గురువు పాఠం అయిపోయింది.

మనం పిల్లలప్పుడు విన్న కథలో డప్పులు, ఏనుగులు, మేళతాళాలు, సైన్యం అన్నీ ఉంటాయి. శ్లోకంలో ఉన్నది రాజు పక్కనుంచి వెళ్లడం ఒక్కటే. మిగతాది చెప్పేవాళ్లు కలిపిన అలంకారం. తప్పేం లేదు. కానీ ఆ అలంకారం వల్ల మన చూపు డప్పుల మీదకి పోయింది. ఆయన చేతిలో ఏముంది, ఆ క్షణంలో ఏం చేస్తున్నాడు అని అడగడం మానేశాం. ఈ రోజు అడుగుదాం.

ఈయన ఒక్క భాగవతానికే పరిమితం కాదని కూడా చెప్పాలి. మహాభారతం శాంతిపర్వంలో బోధ్యుడనే ఋషి తన గురువుల పేర్లు చెబుతాడు. ఆ చిన్న జాబితాలో పింగళ పక్కన, పాము పక్కన ఇషుకారుడు ఉన్నాడు. సాంఖ్య సూత్రాల నాలుగో అధ్యాయంలో ఉన్నాడు. బౌద్ధుల మహాజనక జాతకంలో మిథిల రాజు ఇల్లు వదిలి వెళ్తుంటే దారిలో ఇద్దరు కనిపిస్తారు. మొదట గాజుల పిల్ల, తర్వాత బాణాలు చేసేవాడు. భాగవతంలో కూడా 20వ గురువు గాజుల పిల్ల, 21వ గురువు ఈయన! అదే జంట, అదే వరస. జాతకంలో ఆ పనివాడు ఒక కన్ను మూసి బాణం వంక చూస్తుంటాడు. ఎందుకు మూశావయ్యా అని అడిగితే, రెండు కళ్లతో చూస్తే వంకర సరిగ్గా తెలియదు, ఒక్క కన్నుతో చూస్తేనే తెలుస్తుంది అంటాడు. ఇంట్లో కార్పెంటర్ పని చేయించిన ఎవరైనా ఈ దృశ్యం చూసే ఉంటారు. చెక్కను కంటి దగ్గర పెట్టుకుని ఒక కన్ను మూస్తాడు. రెండు వేల ఏళ్ల పైబడిన పోలిక ఇప్పటికీ మన గుమ్మంలో జరుగుతోంది.

సరే, ఆయన ఏం చేస్తున్నాడు? కర్రను సాపు చేస్తున్నాడని అనుకోవచ్చు, ఈకలు అంటిస్తున్నాడని అనుకోవచ్చు. శ్లోకం చెప్పదు. నా ఊహ అయితే ఆయన ములికి బిగిస్తున్నాడని. ఇది శాస్త్రవాక్యం కాదు, నా ఊహ మాత్రమే. ఎందుకు అలా అనిపించిందో చెప్పాలంటే ఆ పని ఏంటో చూడాలి.

ములికి, శల్యం, ఫలం

బాణం కొనకు ఉండే లోహపు మొనని తెలుగులో ములికి అంటారు. మనం రోజూ వాడం గానీ, దాని చుట్టాలు మన నోట్లోనే ఉన్నాయి. ముల్లు, ములుకు. "ములుకుల్లాంటి మాటలు" అంటాం. మా జహీరాబాద్ వైపు ఎద్దుల్ని అదిలించే కర్ర చివర చిన్న ఇనప మొన దిగ్గొట్టి ఉండేది, దాన్ని ములుకోల అంటారు. ఇప్పుడు మాది ట్రాక్టర్లు తయారయ్యే ఊరు కాబట్టి ములుకోల చూడాలంటే ముసలి రైతు ఇంటి చూరు కింద వెతకాలి. కర్రకి ఇనప మొన బిగించడం అనే పని మాత్రం అదే. కర్ర వడ్రంగి పని, మొన కమ్మరి పని, రెండూ కలిసే చోట మూడో పనితనం.

సంస్కృతంలో ములికికి రెండు మంచి పేర్లున్నాయి. ఒకటి శల్యం. ఒంట్లో దిగి ఉండిపోయిన మొనని కూడా శల్యమే అంటారు. అది తీసే విద్య కాబట్టి ఆయుర్వేదంలో సర్జరీకి శల్యతంత్రం అని పేరు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 26, 27 అధ్యాయాలు రెండూ దీనికే. ఒంట్లో ఎక్కడ దాక్కుందో కనిపెట్టడం ఒకటి, బయటికి తీయడం ఒకటి.

రెండో పేరు ఫలం. అవును, కర్మఫలంలో ఉన్న ఫలమే. చెట్టు కొమ్మకి చివర కాసేది ఫలం, బాణం కర్రకి చివర ఉండేదీ ఫలమే. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో రావణుడి మీద వేసిన బాణాన్ని వర్ణించేటప్పుడు ఈ మాటే పడుతుంది. ఆ బాణం ఈకల్లో వాయువు, ఫలంలో అగ్ని, సూర్యుడు, దాని ఒళ్లంతా ఆకాశం, బరువులో మేరు మందర పర్వతాలు. ఇంజనీరింగ్ చదివినవాడిగా నాకు ఆ వర్ణనలో బాగా నచ్చేది చివరి మాట. వేగం గురించి, మంట గురించి ఎవరైనా రాస్తారు. బరువు గురించి రాసినవాడికి బాణం తెలుసు.

దీనికంటే పాతది ఇంకొకటి ఉంది. మన ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి గుడికి శివరాత్రికి వెళ్లేవాళ్లందరికీ త్రిపురాసుర సంహారం తెలుసు. మేరువు విల్లు, వాసుకి అల్లెతాడు, విష్ణువు బాణం. ఈ కథకి వేదంలో ఉన్న మూలాల్లో ఐతరేయ బ్రాహ్మణం ఒకటి. అసురుల మూడు కోటల్ని పడగొట్టడానికి దేవతలు ఉపసదాలనే యాగ క్రియల్నే ఒక బాణంగా కూర్చారని అక్కడ ఉంటుంది. ఆ బాణానికి నాలుగు భాగాలు చెప్పారు. మొన అగ్ని. కర్ర విష్ణువు. ఈకలు వరుణుడు. మరి నాలుగోది? మొనకీ కర్రకీ మధ్య ఉండే భాగం, మొనని కర్రకి పట్టి ఉంచేది. దాన్ని అక్కడ శల్యం అన్నారు, ఆ శల్యం సోముడు. తర్వాతి కథల్లో ఈ భాగాలు అటూ ఇటూ మారాయి. కానీ ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మొనకి ఒక దేవుడు ఉండటం సహజం, అది పొడుస్తుంది కాబట్టి. కర్రకి ఉండటం సహజం, అది ఎగురుతుంది కాబట్టి. అతుకుకి కూడా ఒక దేవుడిని ఇచ్చారంటే, బాణాలు చేసేవాళ్ల దగ్గర కూర్చుని చూసినవాళ్లే ఆ మాట చెప్పి ఉంటారు.

పని ఎలా జరుగుతుంది

ఇప్పుడు చేతిలోకి తీసుకుందాం. ఇవాళ ప్రపంచంలో చెక్క బాణాలు చేసుకునే సంప్రదాయ విలుకాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పద్ధతి చెబుతాను. జ్యోతి సురేఖ గారు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన ఆర్చరీ వేరు, అక్కడ కార్బన్ బాణాలు, ఫ్యాక్టరీ కొలతలు. చెక్క బాణంలో ప్రతి కర్రా ఒక మనిషిలాంటిది, దేని వంకర దానిదే.

కర్ర సుమారు 28 అంగుళాలు, లావు 8 నుంచి 9 మిల్లీమీటర్లు. మొదట చూడాల్సింది పోగు. చెక్కలోని గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా నేరుగా పోవాలి. మధ్యలో పక్కకి జారిపోతే ఆ కర్ర పక్కన పెట్టేయాలి. తర్వాత కర్ర కొనని శంకువులా చెక్కుతారు. పెన్సిల్ షార్ప్‌నర్ లాంటి పనిముట్టే ఉంటుంది దీనికి. ములికి లోపలి బొర్ర 5 డిగ్రీల వాలుతో ఉంటుంది కాబట్టి కర్ర కొన కూడా సరిగ్గా 5 డిగ్రీలు ఉండాలి. (వెనకవైపు అల్లెతాడు పట్టుకునే గాడి ముక్కకి 11 డిగ్రీలు. రెండూ కలగలిపేస్తే ఏదీ కూర్చోదు.)

చెక్కాక జిగురు లేకుండా ములికి పెట్టి చూడాలి. ఊపితే కదలకూడదు. తీసి చూస్తే చెక్క మీద మెరిసిన గుర్తు అంతటా సమానంగా పడాలి. ఒక పక్కే మెరిస్తే ఒక పక్కే ఆనుతోంది అని అర్థం. చాలామంది ఇక్కడ "జిగురు ఉంది కదా, పట్టేస్తుందిలే" అనుకుంటారు. జిగురు ఖాళీని నింపుతుంది, వంకరని సరి చేయదు. ఒక్క డిగ్రీ పక్కకి వాలితే ఎంత తేడానో లెక్క వేద్దాం. ములికి పొడవు 25 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని కొస దాదాపు 0.44 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ బాణం గాల్లో ఈకల వల్ల తన చుట్టూ తాను తిరుగుతుంది. ఆ కొస ప్రతి చుట్టులో ఒక చిన్న వలయం గీస్తూ పోతుంది, తోక ఊగుతుంది, వేగం తగ్గుతుంది, గుచ్చుకున్నప్పుడు బలమంతా ఒక పక్కకి పడి కర్ర మెడ దగ్గరే విరుగుతుంది. చెక్క బాణాలు ఎక్కువగా విరిగేది ఆ మెడ దగ్గరే, ములికి అంచు వెనక.

ఇప్పుడు జిగురు. ములికి లోపల ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, దాన్ని థిన్నర్‌తో శుభ్రం చేయాలి. లేకపోతే ఏ జిగురూ నిలవదు. తర్వాత వేడికి కరిగే జిగురు కడ్డీని మంట మీద మెత్తబరిచి కర్ర కొనకి పల్చగా పూయాలి. ములికిని పట్టకారుతో పట్టుకుని వేడి చేయాలి. వేడి చేయాల్సింది ములికిని, కర్రని కాదు. కర్ర మాడితే పోగు చచ్చిపోతుంది. వేడి ములికిని కర్ర కొనకి పెట్టి మెల్లగా తిప్పుతూ లోపలికి నొక్కాలి, అప్పుడు జిగురు అన్ని వైపులా పాకుతుంది, లోపలి గాలి బయటికి పోతుంది. కొసని ఒక చెక్క మీద ఆనించి ఇంకొంచెం నొక్కాలి. వెంటనే బాణాన్ని రెండు గోళ్ల మీదో, బల్ల అంచు మీదో తిప్పి కొస ఊగుతోందా అని చూడాలి. ఊగితే వేడి ఉన్నప్పుడే కొద్దిగా తిప్పి సరి చేయాలి.

ఇదంతా జరగడానికి ఉన్న టైం కొన్ని సెకన్లు. ఆ తర్వాత జిగురు గట్టిపడుతుంది. అప్పుడు ఫోన్ మోగితే? గేటు దగ్గర డెలివరీ అబ్బాయి పిలిస్తే? తల తిప్పారంటే ఆ బాణం వంకరగానే గట్టిపడుతుంది. మళ్లీ వేడి చేసి ఊడదీయొచ్చు, నిజమే. కానీ ప్రతిసారి వేడి చేసినప్పుడు ఆ కర్ర కొన కొంచెం బలహీనమవుతుంది.

నాకు శరకారుడి మీద అనుమానం తీరింది ఇక్కడే. కర్రని సాపు చేసేవాడు తల ఎత్తి రాజుని చూసి దణ్ణం పెట్టి మళ్లీ పనిలో పడొచ్చు. కర్ర ఆగుతుంది. ఈకలు కట్టేవాడూ ఆపొచ్చు. ములికి బిగించేవాడికి ఆ వీలు లేదు. ఆయన అహంకారంతో రాజుని పట్టించుకోలేదని కాదు. ఇంకో మాట, ఆ కాలంలో బాణాలు కొనేది ఎవరు? రాజే కదా. రాజుకి దణ్ణం పెట్టడం కంటే రాజుకి విరగని బాణం ఇవ్వడమే ఆయన చేసే మర్యాద.

మరి పాతకాలంలో ఈ జిగురు కడ్డీలు లేవు కదా? లక్క ఉంది. పోయిన వారం గాజుల పిల్ల కథలో మనం లాడ్ బజార్ లక్క గాజుల గురించి మాట్లాడుకున్నాం. అదే లక్క. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే రాయిలా పట్టుకుంటుంది. ఏటికొప్పాక బొమ్మ మీద మెరిసేదీ అదే. మన దేశంలో ఎక్కువ బాణాలు చెక్క కర్రవి కాదు, వెదురువి, రెల్లువి. వాటికి బొర్ర ఉన్న ములికి కంటే తోక ఉన్న ములికి తేలిక. ములికి వెనక సన్నని ఇనప తోక ఉంటుంది, దాన్ని బోలుగా ఉన్న వెదురు లోపలికి దింపుతారు. ఇందులో వచ్చే ప్రమాదం వేరు. బాణం గట్టిదానికి తగిలితే ఆ తోక వెనక్కి దూసుకుపోయి వెదురుని నిలువునా చీల్చేస్తుంది. అందుకే వెదురు కణుపు సరిగ్గా తోక వెనక వచ్చేలా కోస్తే మంచిది, కణుపు గోడలా అడ్డుకుంటుంది. మూతి చుట్టూ నారతోనో, నరంతోనో బిగించి చుట్టి, పైన జిగురు పూస్తారు. చీలడం మొదలయ్యేది మూతి దగ్గరే కాబట్టి కట్టు అక్కడే. నల్లమల చెంచులు వెదురు బాణానికి ఇనప ములికి పెట్టుకునేవాళ్లు. ఇనుము కరిగించడం వాళ్ల పని కాదు, మొనలు మైదానంలోని కమ్మరుల దగ్గర నుంచి వచ్చేవి. అడవి కర్ర, ఊరి ఇనుము. అహోబిలంలో సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి పల్లకీ ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడని చెంచులు బాణం వేసి ఆయన్ని ఆహ్వానిస్తారు. బాణం వేసి స్వాగతం చెప్పే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

ధనుర్వేద గ్రంథాల్లో వసిష్ఠుడి పేరుతో ఉన్న దాంట్లో ఈ విషయాలన్నీ ఉన్నాయి. రెల్లు ఎప్పుడు కోయాలి (శరత్తులో, బాగా పండాక), ఈకలు ఎంత పొడవు, ములికికి పదును పెట్టేటప్పుడు ఏ లేపనం పూయాలి. ములుకుల పేర్లు చూస్తే కమ్మరి చుట్టూ చూసి పెట్టినట్టుంటాయి. చెప్పులు కుట్టేవాడి ఆరె లాంటిది ఆరాముఖం, మంగలి కత్తి లాంటిది క్షురప్రం, ఆవు తోక లాంటిది గోపుచ్ఛం, దూడ పన్ను లాంటిది వత్సదంతం, కాకి ముక్కు లాంటిది కాకతుండం. సూది మొనది సూచీముఖం, అర్ధచంద్రం సరే సరి. భారతం చదివేటప్పుడు ఈ పేర్లని మనం పాసుపతాస్త్రం లెవెల్లో ఊహించుకుంటాం. చాలా వరకు ఇవి మంత్రాలు కావు, ఇనప ఆకారాలు.

అందులోనే ఇంకో విషయం. ముందువైపు లావుగా ఉన్న బాణం దూరం పోతుందని, వెనకవైపు లావుగా ఉన్నది గట్టిగా ఛేదిస్తుందని, సమంగా ఉన్నది గురి చూసి కొట్టడానికి మంచిదని చెబుతుంది. బరువు ఎక్కడ ఉందన్నది బాణం స్వభావాన్ని మారుస్తుందన్న ఆలోచన అది. ఇవాళ దాన్ని లెక్క కట్టే పద్ధతి ఉంది. 71 సెంటీమీటర్ల బాణం తీసుకోండి. సగం 35.5. ములికి బిగించాక వేలి మీద తూచితే వెనక చివర నుంచి 43 సెంటీమీటర్ల దగ్గర నిలబడింది అనుకోండి. తేడా 7.5, దాన్ని 71తో భాగిస్తే సుమారు 10.5 శాతం. చెక్క బాణానికి అది చక్కటి అంకె. ములికి బరువు మామూలుగా 125 గ్రెయిన్లు, అంటే 8 గ్రాములు. మన పాత తూకంలో తులం కూడా లేదు. ఆ 8 గ్రాములు పెంచితే ముందు బరువై బాణం నేరుగా పోతుంది అనుకుంటాం, కానీ అల్లెతాడు వెనక నుంచి తోసినప్పుడు బరువైన ముక్కు కదలనని మొరాయిస్తుంది, మధ్యలో కర్ర ఎక్కువ వంగుతుంది. అందుకే ములికి మార్చితే కర్ర కూడా మార్చాల్సి రావచ్చు.

శల్యుడు చెప్పింది వినాల్సింది

తెలుగులో శల్యసారథ్యం అంటే తిట్టు. పక్కనే ఉండి వెనక్కి లాగేవాడు. ఆఫీసులో ప్రతి టీంలో ఒకరుంటారు అని మనం నవ్వుకుంటాం. కానీ కర్ణపర్వంలో ఒక్కచోట చూడండి. కర్ణుడు ఎన్నాళ్లుగానో దాచుకున్న సర్పముఖ బాణాన్ని సంధించాడు. శల్యుడు ఏమన్నాడంటే, ఈ బాణం మెడకి తగలదు, చూసి మళ్లీ సంధించు అని. కర్ణుడు, నేను ఒకసారి పెట్టిన బాణాన్ని మళ్లీ పెట్టను అన్నాడు. వదిలాడు. కృష్ణుడు రథాన్ని నేలలోకి అణిచాడు. అర్జునుడి కిరీటం పోయింది, తల నిలిచింది.

కోడ్ రివ్యూలో కామెంట్ వస్తే "నేను రెండోసారి చూడను" అనేవాడిని మనం హీరో అనం. శల్యుడి ఉద్దేశం ఏదైనా, ఆ ఒక్క సలహా సరైనది. చివరికి కర్ణుడు పడింది అంజలికం అనే బాణంతో.

ఇక్కడ ఇంకో కష్టమైన విషయం ఉంది, భక్తి ఛానెల్ అని దాటేయడం నాకిష్టం లేదు. ములికి బిగించడం అంటే అవతలివాడి ఒంట్లో ఏం జరగాలో ముందే నిర్ణయించడం. గట్టిగా బిగిస్తే కర్ర పట్టుకుని లాగితే మొన కూడా వస్తుంది. కావాలనే వదులుగా పెడితే కర్ర ఊడి వస్తుంది, మొన లోపలే ఉండిపోతుంది. చెవుల్లాంటి కొక్కేలున్న ములికి అయితే లాగితే కండ చీల్చుకుంటూ వస్తుంది. దాన్నే కర్ణి అంటారు. మనుస్మృతి ఏడో అధ్యాయంలో యుద్ధం చేసే రాజు వాడకూడని వాటి జాబితాలో కొక్కేల ములుకులు, విషం పూసినవి, నిప్పు మొనలవి ఉన్నాయి. చంపడానికి వెళ్లినచోట కూడా బాధ పెట్టడానికి ఒక హద్దు గీశారు. అది గీసింది ఎవరి బల్ల మీద? రాజు సభలో కంటే ముందు, ఈ శరకారుడి బల్ల మీద. రాజు అడిగాడని కర్ణి బిగించాలా వద్దా అన్నది ఆయన చేతిలోని పట్టకారు దగ్గర తేలాలి. మనం రాసే సాఫ్ట్‌వేర్‌లో "అన్‌సబ్‌స్క్రైబ్" బటన్ దొరక్కుండా దాచమని పైనుంచి చెప్పినప్పుడు నాకు కర్ణి గుర్తొస్తుంది. లోపలికి వెళ్లడం తేలిక, బయటికి రావడం చీల్చుకుంటూ.

సుశ్రుతుడు ఈ పనికి అవతలి ఒడ్డున కూర్చున్నవాడు. మొన ఎటు నుంచి దిగిందో, ఎంత లోతుకి పోయిందో చూసి, వచ్చిన దారినే వెనక్కి లాగాలా, ముందుకి తోసి అవతల నుంచి తీయాలా అని నిర్ణయించమంటాడు. ఇనప మొన అయి, కొక్కేలు లేకుండా, గాయం మూతి వెడల్పుగా ఉంటే అయస్కాంతంతో తీయొచ్చు అంటాడు. చూశారా, కొక్కేలు లేకుండా ఉంటేనే. బిగించేవాడు చేసిన నిర్ణయం వైద్యుడి దాకా ప్రయాణం చేసింది.

భీష్ముడు అంపశయ్య మీద పడ్డాక దుర్యోధనుడు శల్యాలు తీయడంలో ఆరితేరిన వైద్యుల్ని పిలిపించాడు. భీష్ముడు వాళ్లకి ధనమిచ్చి, గౌరవించి పంపేయమన్నాడు. తీయించుకోలేదు. ఉత్తరాయణం దాకా ఆ ములుకుల మీదే ఉండి, తర్వాత శాంతిపర్వంలో మనం చదివే మాటలన్నీ చెప్పాడు. బోధ్యుడి గురువుల్లో ఇషుకారుడు ఉన్నాడని పైన రాశాను కదా. ఆ మాట ధర్మరాజుకి చెప్పింది భీష్ముడే. ఒంటి నిండా బాణాలతో ఉన్న మనిషి, బాణాలు చేసేవాడిని గురువుల జాబితాలో చేర్చి చెప్పాడు. ఇది గమనించిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

లోపలిది కూడా తెలియదు అంటే

ముండకోపనిషత్తులో ప్రణవం విల్లు, ఆత్మ బాణం, బ్రహ్మం గురి అనే పోలిక మీలో చాలామందికి తెలుసు. దాని ముందు మంత్రంలో ఆ బాణాన్ని ఉపాసనతో పదును పెట్టాలని ఉంటుంది. జపం చేసేటప్పుడు మనం గురి గురించే ఆలోచిస్తాం. ములికి పదునుగా ఉందా, కర్రకి సరిగ్గా కూర్చుందా అన్నది వదిలేస్తాం. నోరు నామం అంటుంది, మనసు స్టాండప్ మీటింగ్‌లో ఉంటుంది. మొన ఒక దిక్కు, కర్ర ఒక దిక్కు. అది ఎంత దూరం పోతుంది?

అవధూత మాటలో నాకు ముఖ్యమైనది "లోపలిది కూడా తెలియదు" అన్న భాగం. బయటి శబ్దం ఆపడం మనకి వచ్చు. హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, డూ నాట్ డిస్టర్బ్ ఉంది. పూజగదిలో తలుపు వేసుకుంటాం. కానీ లోపల రాజుగారి ఊరేగింపు ఆగదు. అప్రైజల్, ఈఎంఐ, నిన్న ఎవరో అన్న ములుకులాంటి మాట. శరకారుడు కళ్లు మూసుకోలేదన్నది గమనించండి. చెవులూ మూసుకోలేదు. ఆయన చేతికి పని ఉంది, ఆ పనికి గడువు ఉంది, అది వేడి చల్లారే లోపు. లోపలి ఊరేగింపుకి చోటు దొరకలేదు.

బర్దీపూర్ దత్తాశ్రమానికో, గాణగాపూర్‌కో వెళ్లినప్పుడు గురుచరిత్ర పారాయణ చేసే పెద్దవాళ్లని గమనించండి. కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లకంటే, వేలు అక్షరం కింద పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో వరసా దాటుతున్నవాళ్లు తక్కువ కదులుతారు. వేలు వాళ్ల పట్టకారు.

ఈ వారం సాధన ఇది. జపమాల ఉన్నవాళ్లు ఒక్క మాలే తీసుకోండి, 108. పూస మారేటప్పుడు నామం, వేలు, పూస మూడూ ఒకేసారి కూర్చోవాలి. కూర్చోలేదు అనిపిస్తే ఆ పూస దాటకండి, అక్కడే మళ్లీ అనండి. మామూలుగా పది నిమిషాల్లో అయ్యే మాల మొదటి రోజు చాలాసేపు పట్టొచ్చు. పట్టనివ్వండి. సంఖ్య పెంచమని ఈ వారం నేను అడగను.

నిజం బాణాలు ప్రయత్నిద్దాం అనుకునేవాళ్లకి రెండు మాటలు. పిల్లల చేతికి మంట, ములికి ఇవ్వకండి. చెక్క బాణాన్ని ప్రతిసారి వేసే ముందు రెండు చేతులతో కొద్దిగా వంచి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. చిటుక్కుమని చిన్న శబ్దం వచ్చినా, వేలికి పగులు తగిలినా దాన్ని విరిచి పారేయండి. పగిలిన కర్ర అల్లెతాడు వదిలిన క్షణంలో విరిగి విల్లు పట్టుకున్న చేతిలోకే దిగుతుంది. ములికి వదులైందేమో కూడా అప్పుడే తిప్పి చూడండి.

వచ్చే గురువారం 22వ గురువు, పాము. సొంత ఇల్లు కట్టుకోదు, ఎవరో కట్టిన పుట్టలో ఉంటుంది. హోమ్ లోన్ ఉన్నవాళ్లు తప్పకుండా రండి.

జై గురుదత్త.